అబద్ధం: పాపమా, వ్యాధి లక్షణమా?

సత్యం పలకడం విశ్వాసానికి ఆనవాలు. అబద్ధం కాపట్యానికి గుర్తు. ఈ విషయంలో దివ్య ఖుర్‌ఆన్ గాని, దైవప్రవక్త (స) ప్రవచనాలు గాని ఎలాంటి సందిగ్ధానికీ తావివ్వలేదు. తౌబా సూరా 119వ ఆయతు విశ్వాసులను సత్యవంతుల పక్షాన నిలవమని ఆదేశిస్తున్నది. నోరు తెరిస్తే అబద్ధమాడడం కపటి లక్షణాలలో ఒకటిగా హదీసులో పేర్కొనబడింది. అయితే నిత్యజీవితంలో ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. ఏ లాభమూ లేకుండా, పట్టుబడతానని తెలిసి కూడా, రోజూ అబద్ధాలే చెప్పే మనిషిని ఏమనాలి? అతడు పాపియా, రోగియా?

వరంగల్‌లోని మండీ బజారులోనో, హన్మకొండలోనో, కాజీపేటలోనో ఉన్న ఒక సామాన్య కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి వృద్ధుడు. ఉదయం నుండి గడప దాటలేదు. అయినా భోజనం దగ్గర కూర్చుని, జొహర్ నమాజు మస్జిదులో చేసి వచ్చానని, దారిలో పాత మిత్రుడు కలిశాడని వివరంగా చెబుతాడు. ఆ మిత్రుడు చనిపోయి పదేళ్లయింది. కొడుకు ముప్పై ఏళ్లవాడు. దుబాయిలో ఉద్యోగం ఖాయమైందని ఆరు నెలలుగా చెబుతున్నాడు. అడిగిన ప్రతిసారీ కథ పెరుగుతుందే గాని, వీసా కాగితం కనబడదు. ఇంట్లోవారి దృష్టిలో ఇద్దరూ అబద్ధాలకోరులే. నిజానికి ఇద్దరి స్థితీ ఒకటి కాదు.

సంకల్పమే గీటురాయి

ఈ భేదాన్ని ఆధునిక వైద్యం కొత్తగా కనిపెట్టలేదు. సబా సూరా 8వ ఆయతులో అవిశ్వాసులు దైవప్రవక్త (స)పై వేసిన అభాండం ప్రస్తావించబడింది. ఆయన దేవుని పేర అబద్ధం కల్పిస్తున్నాడా, లేక ఆయనకు ఉన్మాదం పట్టిందా అని వారు అడిగారు. ఖుర్‌ఆన్ ఆ రెండింటినీ ఖండించింది. 9వ శతాబ్దపు బస్రా పండితుడు జాహిజ్ ఆ ప్రశ్న తీరు నుండే ఒక సూక్ష్మాన్ని గ్రహించాడు. అవిశ్వాసులు ఉన్మాదాన్ని అబద్ధానికి భిన్నమైనదిగా చెప్పారు కనుక, ఉన్మాది మాట నిజమూ కాదు, అబద్ధమూ కాదని అతని వాదం. అధికసంఖ్యాకులైన పండితులు దీన్ని అంగీకరించలేదు. ఆయతులోని 'ఇఫ్తిరా' అనే పదానికి బుద్ధిపూర్వకంగా కల్పించిన అబద్ధమని అర్థం. ఉన్మాది మాట వాస్తవ విరుద్ధమే గనుక అబద్ధమే, కాని అందులో సంకల్పం లేదు అని వారన్నారు. తఫ్తాజానీ రచించిన 'ముఖ్తసరుల్ మఆనీ' చదివిన మద్రసా విద్యార్థులకు ఈ చర్చ పరిచితమే.

పేరు విషయంలో భేదించినా ఉభయపక్షాలూ ఒకచోట కలిశాయి. సంకల్పం లేనివాడిపై అబద్ధమాడిన నేరం మోపరాదు. నిద్రించేవాడు మేల్కొనే వరకు, బాలుడు యుక్తవయస్సుకు చేరే వరకు, మతి తప్పినవాడు కోలుకునే వరకు కర్మలు రాసే కలం ఎత్తివేయబడి ఉంటుందన్న హదీసు సారాంశం కూడా ఇదే.

వైద్యశాస్త్రం చూపే మూడు స్థితులు

వాస్తవానికి విరుద్ధమైన మాటలు మానసిక స్థితులతో ముడిపడే తీరును స్థూలంగా మూడు విధాలుగా చెప్పవచ్చు.

మొదటిది జ్ఞాపకలోపం. 19వ శతాబ్దం చివర రష్యా వైద్యుడు సెర్గెయ్ కోర్సకోవ్ దీర్ఘకాలం మద్యం తాగిన రోగులలో ఒక వింతను వర్ణించాడు. వారు నిన్నటి సంగతి మరచిపోయి, ఆ స్థానంలో జరగని సంగతులు చెప్పేవారు. బి1 విటమిన్ లోపం వల్ల మెదడు దెబ్బతినడమే ఇందుకు కారణమని తరువాత తెలిసింది. వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపు వ్యాధిలోనూ మెదడు తన ఖాళీలను ఇలాగే పూరించుకుంటుంది. పైన చెప్పిన తండ్రి స్థితి ఇటువంటిదే కావచ్చు. అతడు ఎవరినీ మోసగించడం లేదు. తాను చెప్పేది అతనికి నిజమే.

రెండవది భ్రమ. స్కిజోఫ్రీనియాలో ఇరుగుపొరుగు తనపై కుట్ర పన్నుతున్నారని రోగి చెప్పవచ్చు. ఉన్మాద ఉధృతిలో ఉన్నవాడు తనకు కోట్ల ఆస్తి ఉందనవచ్చు. వారు వాటిని మనసారా నమ్ముతారు. ఎంత వాదించినా ఆ నమ్మకం సడలదు.

మూడవది అలవాటుగా మారిన అబద్ధం. 1891లో ఆంటన్ డెల్‌బ్రూక్ అనే మానసిక వైద్యుడు దీన్ని వర్ణించి 'సూడోలోజియా ఫాంటాస్టికా' అని పేరు పెట్టాడు. ఇందులో లాభం కంటే కల్పన ఎక్కువగా ఉంటుంది. చెప్పేవాడే కథలో వీరుడు, లేదా బాధితుడు. గట్టిగా నిలదీస్తే మాత్రం అబద్ధమని ఒప్పుకోగలడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన జాబితాలో గాని, 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో గాని ఇది ప్రత్యేక వ్యాధిగా లేదు. అయితే కొన్ని వ్యక్తిత్వ లోపాలలో వంచన ఒక లక్షణంగా పేర్కొనబడింది. లేని జబ్బును నటించి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారిని బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1951లో వర్ణించాడు. మత్తుకు బానిసైనవాడు దాన్ని దాచడానికి, దూకుడు స్వభావం గలవాడు ఆలోచించక ముందే, తన్నులకు భయపడే పిల్లవాడు తప్పించుకోవడానికి అబద్ధమాడతారు. కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది.

దీనికి పూర్తిగా విపరీతమైన స్థితి కూడా ఒకటి ఉంది. కొందరు ఏ అబద్ధమూ ఆడకుండానే ఆడామేమోనని కుమిలిపోతారు. చెప్పిన మాటనే పదిసార్లు సరిదిద్దుకుంటారు, పదేపదే తౌబా చేస్తారు. సామాన్యంగా దీన్ని 'వస్వసా' అంటారు. ఇది తీవ్రమైనప్పుడు భక్తి అనుకోరాదు. ఇదీ చికిత్సకు లొంగే వ్యాధే.

బాధ్యత ఎంతవరకు?

మొదటి రెండు స్థితులలో ఆ మాటల మేరకు సంకల్పం లేదు గనుక నింద లేదు. మూడవదాని సంగతి వేరు. కొడుకుకు తాను చెబుతున్నది కల్పన అని తెలుసు. అలవాటు అతని నిగ్రహాన్ని బలహీనపరచింది గాని, వివేకాన్ని హరించలేదు. కనుక తౌబా అతనిపై విధిగానే ఉంటుంది, అతని మాట వల్ల ఎవరికైనా నష్టం జరిగితే దాన్ని పూడ్చవలసిందే. అయితే కాలు విరిగినవాడిని నడవమని గద్దించినంత మాత్రాన నడక రాదు. ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో అబద్ధాన్ని నాలుక ఆపదలలో చేర్చాడు. చెడు గుణం మారాలంటే దానికి విరుద్ధమైన పనిని పట్టుదలతో అభ్యసించాలని కూడా అందులోనే బోధించాడు. అబద్ధానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. అంతర్లీనంగా ఉన్న వ్యాధికి మందులు, అలవాటుకు సంభాషణా చికిత్స అవసరమవుతాయి.

ఇంటివారి అబద్ధం

ఈ మొత్తం వ్యవహారంలో సాధారణంగా లెక్కకు రాని అబద్ధం మరొకటి ఉంది. అది రోగి ఆడేది కాదు, ఇంటివారు ఆడేది. ఉన్మాద లక్షణాలున్న యువకునికి నిఖా చేస్తే కుదుటపడతాడని, అమ్మాయి తరఫువారికి ఆ సంగతి చెప్పకుండా సంబంధం కుదుర్చుతారు. వాడుతున్న మందులు పెళ్లికి ముందు మాన్పించివేస్తారు. రోగి మాటకు వ్యాధి సాకు కావచ్చు. కాని బుద్ధి స్థిమితంగా ఉండి, పరువు కోసం మరొకరి కుమార్తె జీవితాన్ని పణంగా పెట్టినవారికి ఏ సాకు ఉంది? కలం ఎత్తివేయబడినది వారి విషయంలో కాదు.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ నివారణ కల్పించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. మానసిక వ్యాధి ఇందుకు మినహాయింపు కాదు. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ ద్వారా 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటున్నది.

ఆ తండ్రితో వాదించడం వృథా. అతన్ని వెంటనే వైద్యునికి చూపించాలి. విటమిన్ లోపం వంటి కారణాలను తొందరగా గుర్తిస్తే మేలు జరుగుతుంది. కొడుకును నలుగురిలో అవమానించరాదు, అతని కథకు తల ఊపనూరాదు. ఏకాంతంలో అడిగి, మాట సరిదిద్దుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. అతడు ఒక్క నిజం ఒప్పుకున్న రోజున దాన్ని శిక్షగా మార్చకూడదు. నిజం చెప్పినవాడికి ఇంట్లో నీడ దొరికినప్పుడే రెండవ నిజం బయటికి వస్తుంది.