నోరులేని ప్రాణికి చివరి నిర్ణయం
నయంకాని జబ్బుతో తీసుకుంటున్న పెంపుడు జంతువును పశువైద్యుని చేత నొప్పి తెలియకుండా సాగనంపడమే కారుణ్య మరణం. జంతువుల విషయంలో మన చట్టం ఇందుకు ఒప్పుకుంటుంది. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే దశ ఒకటుంటుందని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం గుర్తించింది.

తమిళనాడులోని సేలంలో సుగవనేశ్వరర్ ఆలయ ఏనుగు రాజేశ్వరి, 42 ఏళ్ల వయసులో, కాలు దెబ్బతిని లేవలేక పడిపోయింది. పడి ఉన్నచోటే ఒంటిపై పుండ్లు లేచాయి. ఏళ్ల తరబడి దాని దీవెనలు అందుకున్న భక్తులకు ఆ స్థితి చూడటమే కష్టమైంది. కారుణ్య మరణం కోరుతూ వేసిన పిటిషన్‌పై 2018 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది: పశువైద్యులు పరీక్షించి, ఇంకా బతికించడం క్రూరత్వమేనని ధ్రువీకరిస్తే అనుమతించవచ్చు. ఆ ప్రక్రియ జరగకముందే, ఏప్రిల్ 21న రాజేశ్వరి తనంతట తానే కన్నుమూసింది. న్యాయస్థానం కొలతగా తీసుకున్నది ఏనుగు పడుతున్న బాధను. ఇంట్లో కుక్కకో పిల్లికో ఈ పరిస్థితి వచ్చినా చూడవలసింది అదే.

ఇందుకు అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ఒక పద్ధతి రూపొందించారు. నొప్పి, ఆకలి, దాహం, శుభ్రత, ఉత్సాహం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా అన్న ఏడు అంశాలకు పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చు. తోక ఊపింది కదా అని ఒక్క పూటను బట్టి నిర్ణయించకుండా, రోజూ రాసుకుంటే నిజం కనబడుతుంది.

సాధారణంగా ముందు మత్తు ఇచ్చి, తర్వాత పెంటోబార్బిటాల్‌ను నరంలోకి ఎక్కిస్తారు. క్షణాల్లో స్పృహ పోతుంది; ఆపై శ్వాస, గుండె ఆగిపోతాయి. కళ్లు తెరిచే ఉండవచ్చు, కండరాలు అదరవచ్చు. అది బాధ కాదని ముందే తెలిస్తే ఇంటివాళ్లు బెదరరు. ఆ మందు కళేబరంలో మిగిలి ఉంటుంది, తిన్న కుక్కలకూ రాబందులకూ ప్రాణాంతకం. అందుకే లోతుగా పాతిపెట్టాలి.

తర్వాత మిగిలేది దుఃఖం. "కుక్కే కదా" అనే మాట దాన్ని ఇంకా పెంచుతుంది. తమిళనాడులోనే చెంగం ప్రాంతంలో, ఎడుత్తనూరు వద్ద 7వ శతాబ్దపు వీరగల్లు ఒకటుంది. పశువుల కోసం పోరాడి చనిపోయిన వీరుడితోపాటు, దొంగలను కరిచి కాపలా నిలిచిన కోవివన్ అనే కుక్క పేరునూ దానిపై చెక్కారు. జంతువును పేరుపెట్టి తలచుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

"నేనే చంపేశానా" అన్న అపరాధభావం చాలామందిని వేధిస్తుంది. చంపింది జబ్బు, నిర్ణయం తగ్గించింది నొప్పిని. పిల్లలకు "నిద్రపోయింది" అని చెప్పకూడదు, వాళ్లు నిద్రకే భయపడవచ్చు. చనిపోయిందని మెల్లగా, స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో మిగిలిన జంతువు తోడు కోసం వెతకవచ్చు, తిండి తగ్గించవచ్చు. దానికి రోజువారీ వేళలు తప్పకుండా చూడాలి. పూర్తిగా తిండి మానేస్తే వైద్యునికి చూపించాలి.