వెన్ను విరిగితే ఏమవుతుంది?

విద్యార్థులారా! కోతల రోజుల్లో నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో వెళ్ళారా? సుమారు 40 కిలోమీటర్ల దారి. రోడ్డుమీద జొన్నలో, వడ్లో ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉండడం మీరు చూసే ఉంటారు. పగలైతే డ్రైవరు తప్పించుకొని పోతాడు. మరి రాత్రయితే?

2014 ఏప్రిల్ 23 రాత్రి, ఆళ్ళగడ్డ శాసనసభ స్థానానికి పోటీ చేస్తున్న శోభా నాగిరెడ్డి ప్రచారం ముగించుకొని నంద్యాల నుంచి ఇంటికి వస్తున్నారు. రోడ్డుమీది ధాన్యపు కుప్పను తప్పించబోయి కారు బోల్తాపడింది. ఆమె బయటకు ఎగిరిపడ్డారు. మరునాడు హైదరాబాదు ఆస్పత్రిలో కన్నుమూశారు.

ఇలా బండిలోంచి ఎగిరిపడినవారికీ, మిద్దె మీదనుంచో చింతచెట్టు మీదనుంచో జారిపడినవారికీ, లోతు చూసుకోకుండా బావిలో తలక్రిందులుగా దూకినవారికీ వెన్నుకు దెబ్బ తగలవచ్చు. అప్పుడు ఆదుకోవడానికి పరుగెత్తే మన చేతులే మేలు చేయవచ్చు, కీడూ చేయవచ్చు. అదెలాగో చూద్దాం.

వెన్నులో ఏముంది?

పుట్టినప్పుడు మన వెన్నెముకలో 33 వెన్నుపూసలుంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. వాటి క్రిందివి పెద్దయ్యేసరికి ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. పూసకూ పూసకూ మధ్య మృదులాస్థి బిళ్ళలు మెత్తల్లా ఉంటాయి. పూసల వెనుక రంధ్రాలన్నీ కలిసి ఒక గొట్టంలా ఏర్పడతాయి. ఆ గొట్టంలో మెదడు నుంచి దిగివచ్చేదే వెన్నుపాము. దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు మన చిటికెనవేలంత. దాన్నుంచి 31 జతల నాడులు శరీరమంతా వ్యాపిస్తాయి. "కాలు కదుపు" అన్న ఆజ్ఞ, "ముల్లు గుచ్చుకుంది" అన్న కబురు ప్రయాణించేది ఈ దారినే.

ఒక చిన్న ప్రయోగం

దర్జీ దగ్గర ఖాళీ దారపు రీళ్ళు అయిదారు అడిగి తెచ్చుకోండి. పాత సైకిల్ ట్యూబును గుండ్రని ముక్కలుగా కత్తిరించి, మధ్యలో రంధ్రాలు చేయండి. రీలు, రబ్బరు ముక్క, మళ్ళీ రీలు - ఇలా వరుసగా పేర్చి, మధ్యలోంచి పొడవైన దూదివత్తిని దూర్చండి. రీళ్ళే పూసలు, వత్తే వెన్నుపాము. కొంచెం వంచండి, వత్తికి ఏమీ కాదు. ఇప్పుడు మధ్య రీలును ఒక ప్రక్కకు లాగండి. వత్తి నలుగుతుంది. గట్టిగా లాగితే తెగుతుంది. రీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి!

ప్రమాదంలో జరిగేదీ ఇదే. పూస విరిగినా, ఒక్కొక్కసారి వెన్నుపాము క్షేమంగానే ఉంటుంది. అలాంటి మనిషిని నలుగురూ కాళ్ళూ చేతులూ పట్టి లేపి, ఆటోలో కుదించి కూర్చోబెడితే, విరిగిన పూస జరిగి వెన్నుపామును నొక్కేయవచ్చు.

తెగితే అతకదా?

చర్మం తెగితే మానుతుంది. ఎముక విరిగితే అతుకుతుంది. చేతిలోని నాడి కూడా మెల్లగా పెరుగుతుంది. కాని వెన్నుపాములో తెగిన తంతువులు తిరిగి పెరిగి కలుసుకోవు. ఛాతీ వెనుక పూర్తిగా దెబ్బతింటే కాళ్ళు చచ్చుబడతాయి, మలమూత్రాలపై అదుపు పోతుంది. మెడలో అయితే చేతులు కూడా. మెడ పైభాగంలో అయితే ఊపిరి ఆడించే ఉదరవితానమే ఆగిపోవచ్చు.

మీరేం చేయాలి?

వెంటనే 108కి ఫోన్ చేయించండి. నిప్పులాంటి ప్రమాదం పొంచి ఉంటే తప్ప మనిషిని కదపవద్దు. తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోండి. కూర్చోబెట్టవద్దు, నీళ్ళు త్రాగించవద్దు. కదల్చక తప్పకపోతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురూ ఒక్కసారిగా, దుంగను దొర్లించినట్లు దొర్లించి, గట్టి పలక మీదికి చేర్చాలి. నులకమంచం పనికిరాదు, అది మధ్యలో క్రుంగుతుంది. వాంతి అవుతుంటే అలాగే ప్రక్కకు తిప్పాలి. ఊపిరే ఆడకపోతే మాత్రం ముందు దాని సంగతి చూడాలి.

ఆస్పత్రిలో

డాక్టర్లు మెడకు పట్టీ వేసి, సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు చేస్తారు. రక్తపోటు పడిపోకుండా, ప్రాణవాయువు తగ్గకుండా చూస్తారు. పూస వెన్నుపామును నొక్కుతుంటే, వీలైతే 24 గంటల లోపలే శస్త్రచికిత్స చేసి, ఆ ఒత్తిడి తొలగించి, లోహపు కడ్డీలతో, మరలతో పూసలను నిలబెడతారు.

అంతటితో చికిత్స పూర్తి కాదు. ఒకప్పుడు ఇలాంటి రోగులలో చాలామంది పక్కపుండ్లతో, మూత్రాశయ వ్యాధులతో చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు రోగులను రెండేసి గంటలకొకసారి ప్రక్కకు తిప్పించారు, వ్యాయామం చేయించారు, ఆటలాడించారు. 1948లో వారికి పెట్టిన విలువిద్య పోటీయే తరువాత పారాలింపిక్స్‌కు నాంది అయింది.

మన చిత్తూరుకు దగ్గరలోని వేలూరులో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు ఉండేవారు. 1954లో వాహన ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని, కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత విదేశాలలో శిక్షణ పొంది వచ్చి, తనవంటి వారికోసం వేలూరులో 1966లో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి ప్రాణం పోశారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. కాళ్ళు నడవకపోయినా, బ్రతుకు నడుస్తుందని ఆమె చూపించారు.

ఈ సాయంత్రం ఆ రీళ్ళ వెన్నెముకను మీ ఇంట్లో చూపించండి. ధాన్యం కళ్ళంలోనే ఎందుకు ఆరబోయాలో, కారులో బెల్టు ఎందుకు పెట్టుకోవాలో, పడిపోయిన మనిషిని ఎందుకు గబుక్కున లేపకూడదో చెప్పండి. మీ మాట కంటే ఆ నలిగిన వత్తి బాగా చెబుతుంది.