ఆటో వైట్ బ్యాలెన్స్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఇవాళ్టి టాపిక్ మన ఫోన్ కెమెరాలో ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే ఆటో వైట్ బ్యాలెన్స్.

మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో హల్దీ జరుగుతోందనుకోండి. అందరివీ పసుపు బట్టలు, వెనక బంతిపూల డెకరేషన్, మొహం నిండా పసుపు. మీరు ఫోటో తీస్తారు. చూస్తే పసుపు వెలిసిపోయి ఉంటుంది, పెళ్లికూతురి మొహం నీలంగా, నీరసంగా కనిపిస్తుంది. ఫోన్ పాడైందా? కాదు. అది దాని పనే చేసింది, కానీ అంచనా తప్పింది.

ఎందుకో చూద్దాం. తెల్ల కాగితాన్ని బల్బు కింద చూసినా, ఎండలో చూసినా మనకు తెల్లగానే అనిపిస్తుంది. మన మెదడే సర్దేస్తుంది. కెమెరా సెన్సర్ మాత్రం ఏ వెలుగు పడితే అదే రికార్డ్ చేస్తుంది. వెలుగు రంగుని కెల్విన్‌లో కొలుస్తారు. పాతకాలం పసుపు బల్బు సుమారు 2,800, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర, చెట్టు నీడ 7,000 పైనే. నంబర్ పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు వెళ్తుంది.

ఇక్కడ ఏ వెలుగు ఉందో ఫోన్‌కి ఎవరూ చెప్పరు, అదే ఊహించుకోవాలి. అందులో పాత సూత్రం ఒకటుంది: ఫోటోలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి. ఇప్పటి ఫోన్లు మొహాలు, సీన్ కూడా గుర్తుపడతాయి. అయినా అంచనా అంచనానే. హల్దీలో ఫ్రేమంతా పసుపే కదా, వెలుగే పసుపుగా ఉందనుకుని ఫోన్ నీలం కలిపేస్తుంది.

శామీర్‌పేట చెరువు దగ్గర సాయంత్రం కూడా ఇదే కథ. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి సూర్యాస్తమయం కోసం అంత దూరం వెళ్తాం. ఆటో ఆ నారింజ రంగునే "తప్పు" అనుకుని తగ్గించేయొచ్చు.

మరి ఎప్పుడు నమ్మొచ్చు? పగటి వెలుగులో, ఫ్రేమ్‌లో రకరకాల రంగులు ఉన్నప్పుడు. మేడ్చల్ మార్కెట్‌లో కూరగాయల బండి తీస్తున్నారా? ఆటోలోనే ఉంచేయండి, హాయిగా పనైపోతుంది.

నమ్మకూడనప్పుడు ఏం చేయాలి?

ఒకటి, సూర్యాస్తమయానికి ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ని 5,500 దగ్గర పెట్టండి. నారింజ రంగు అలాగే నిలుస్తుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు: సెట్టింగ్‌లో నంబర్ పెంచితే ఫోటో పసుపు వైపు వెళ్తుంది. ఎందుకంటే "వెలుగు నీలంగా ఉంది, సరిచెయ్" అని మనం ఫోన్‌కి చెప్తున్నాం.

రెండు, హల్దీకి ముందే పెళ్లికూతురు కూర్చునే చోట తెల్ల కాగితం పట్టుకోండి. స్క్రీన్‌లో అది తెల్లగా కనిపించేదాకా నంబర్ మార్చి, అక్కడే వదిలేయండి. స్క్రీన్‌కి ఐ కంఫర్ట్ మోడ్ ఉంటే ముందు ఆపండి, లేకపోతే మీ కళ్లే మోసపోతాయి.

మూడు, రీల్స్ తీసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆటోలో ఉంటే కెమెరా తిప్పగానే వీడియో మధ్యలో రంగు మారిపోతుంది. ఐఫోన్‌లో అయితే కెమెరా సెట్టింగ్స్‌లో, రికార్డ్ వీడియో కింద లాక్ వైట్ బ్యాలెన్స్ ఉంటుంది. ఆన్ చేసుకోండి.

నాలుగు, ఒకవైపు కిటికీ వెలుగు, ఇంకోవైపు పసుపు లైట్లు ఉంటే ఒకే సెట్టింగ్ రెండిటినీ సరిచేయలేదు. వీలైతే ఒక లైట్ ఆపించండి, లేదా మనిషిని ఒకే వెలుగు వైపు తిప్పండి.

ఇంకో మాట. తర్వాత ఎడిట్ చేద్దాంలే అనుకుంటే రా ఫార్మాట్‌లో తీయండి. జేపెగ్‌లో రంగులు అప్పటికే ఖరారైపోతాయి, కొంతవరకే సరిచేయగలం.

ఫోటో తప్పొస్తే ఇంకోటి తీసుకోవచ్చు, కానీ హల్దీ మళ్లీ జరగదు. పదేళ్ల తర్వాత ఆల్బమ్ తెరిస్తే అమ్మ కట్టుకున్న చీర రంగు, చెల్లి మొహం రంగు ఉన్నవి ఉన్నట్టు కనపడాలి కదా. దానికి ముందుగా రెండు నిమిషాలు చాలు. ఇవాళే మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఒక తెల్ల కాగితం పెట్టి ట్రై చేయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!