రెండు మొనల సూది

మశూచి టీకా వేసే రెండు మొనల సూది ఇంచుమించు ఆరు సెంటీమీటర్ల పొడవుండే సన్నని ఉక్కు పుల్ల. దానికి మందు నింపే గొట్టం లేదు, పిడి లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒక కొస పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది. ఆ రెండు మొనల సందున నిలిచే టీకా మందు 0.0025 మిల్లీలీటరు. అంటే మిల్లీలీటరులో నాలుగు వందలో వంతు. పెద్ద చదువు లేని మనిషికైనా దీన్ని వాడడం పావుగంటలో నేర్పవచ్చు. 1968లో ఊళ్ల బాట పట్టిన ఈ సూది పదేళ్లు తిరగకుండానే ఒక మహమ్మారిని భూమ్మీద లేకుండా చేయడానికి తోడ్పడింది.

తెలుగునాట పెద్దమ్మవారు అని పిలిచిన మశూచికి కారణం వేరియోలా అనే వైరస్. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఇటుక ఆకారంలో కనిపిస్తుంది. పొడవు సుమారు 300 నానోమీటర్లు, వైరస్‌లలో ఇది పెద్దదే. రోగి దగ్గినా, దగ్గరగా కూర్చుని మాట్లాడినా వెలువడే తుంపరలతో ఎదుటివారి ముక్కులోకి, గొంతులోకి చేరుతుంది. రోగి కప్పుకున్న దుప్పట్లు, తీసిన బట్టలు కూడా అంటిస్తాయి. వైరస్ లోపలికి వెళ్లాక దాదాపు 12 రోజుల పాటు మనిషికి ఏమీ తెలియదు, అతడి నుంచి ఇతరులకూ అంటదు. తర్వాత విపరీతమైన జ్వరం, నడుము నొప్పి వస్తాయి. రెండు మూడు రోజులకు నోట్లో, ముఖం మీద, చేతుల మీద పొక్కులు లేస్తాయి. పొక్కులు లేచిన మొదటి వారంలోనే రోగం ఎక్కువగా అంటుతుంది. టీకా లేనివారిలో ప్రతి పదిమందికీ ముగ్గురు చనిపోయేవారు. బతికిన వారి ముఖం నిండా గుంటలు మిగిలేవి, కొందరికి చూపు పోయేది. మందు అంటూ ఏదీ ఉండేది కాదు.

ఇంత క్రూరమైన వైరస్‌కు రెండు బలహీనతలున్నాయి. అది మనిషిలో తప్ప మరే జంతువులోనూ నిలవదు. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ ఏళ్ల తరబడి రోగాన్ని పంచే మనుషులు ఉండరు. సోకిన వాళ్లందరినీ కనిపెట్టి, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లకు రక్షణ కల్పిస్తే వైరస్‌కు ఇక పోయే చోటు ఉండదు.

ఆ రక్షణ మార్గం 1796లోనే దొరికింది. ఆ ఏడాది మే 14న ఇంగ్లండు వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, ఆవుల పొదుగుకు వచ్చే మశూచి అంటుకున్న ఒక పాలమ్మాయి చేతి పొక్కులోని రసాన్ని తీసి, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతికి గీరి ఎక్కించాడు. తర్వాత అసలు మశూచి రసం ఎక్కించినా ఆ పిల్లవాడికి జబ్బు రాలేదు. 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ల పాపకు వేసిన టీకా భారతదేశంలో మొదటిది. అప్పట్లో టీకా మందును సీసాలో దాచే మార్గం లేదు. ఒకరి చేతి మీద పొక్కు లేస్తే దాని రసంతో మరొకరికి వేసేవారు. ఆ దారిలో ఒకరి రోగాలు మరొకరికి చేరేవి. తర్వాత దూడల చర్మం మీద వైరస్‌ను పెంచి మందు తయారు చేయడం మొదలైంది.

పందొమ్మిదో శతాబ్దం గడిచింది, ఇరవయ్యో శతాబ్దం సగం గడిచింది, అయినా మశూచి పోలేదు. వేడి దేశాల్లో టీకా మందు నిలిచేది కాదు. పట్నంలో మంచుపెట్టెలో బయలుదేరిన మందు ఎండాకాలంలో పల్లె చేరేసరికి చచ్చుబడేది. దాన్ని వేయించుకున్న మనిషికి చేతి మీద పుండు పడేది కానీ ఒంట్లో రక్షణ ఏర్పడేది కాదు. రిజిస్టరులో అతడి పేరు మాత్రం టీకా వేసినవారి జాబితాలోకి ఎక్కేది. మరుసటి ఏడు అదే మనిషికి పెద్దమ్మవారు పోస్తే ఊరంతటికీ టీకా మీద నమ్మకం పోయేది. టీకా వాళ్లు వస్తున్నారంటే జనం పిల్లల్ని దాచేవారని, అది అజ్ఞానమని రాసిపెట్టినవారు ఉన్నారు. వేసిన మందు పనిచేయనప్పుడు, వేసిన చోట పుండు పడినప్పుడు జనం భయపడడంలో తప్పేముంది?

ఆ పుండుకు పెద్ద కారణం పనిముట్టే. భారతదేశంలో చాలాకాలం వాడినది ఒక లోహపు కడ్డీ. దాని కొసన చిన్న బిళ్ల, బిళ్ల నిండా ముళ్లు. చేతి మీద మందు చుక్క వేసి, ఆ ముళ్ల బిళ్లను ఆనించి తిప్పేవారు. ఎంత నొక్కాలో, ఎంత తిప్పాలో వేసేవాడి చేతివాటాన్ని బట్టి ఉండేది. ఎక్కువైతే చర్మం చిట్లి, చీము పట్టి, వారాల పాటు మానేది కాదు. తక్కువైతే మందు లోపలికి పోయేదే కాదు. పైగా రక్తం ఎక్కువ వస్తే మందు దానితోపాటు కొట్టుకుపోయేది. ఇతర దేశాల్లో సూదితో గీరే పద్ధతి ఉండేది, అందులోనూ ఇదే చిక్కు.

మొదట తీరింది వేడి సమస్య. 1950ల మొదట్లో ఇంగ్లండులోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కొలియర్ టీకా మందుకు పెప్టోన్ అనే పదార్థాన్ని కలిపి, గడ్డకట్టించి, శూన్యంలో తేమను లాగేసి పొడిగా మార్చాడు. ఆ పొడి నెల రోజులు 37 డిగ్రీల వేడిలో ఉన్నా బలం తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత ప్రమాణం పెట్టింది. భారతదేశంలో గిండీ, పట్వాడాంగర్, బెల్గాంలతోపాటు హైదరాబాదులోనూ ఈ పొడి టీకా తయారైంది. సోవియట్ యూనియన్ కోట్ల కొద్దీ డోసులు విరాళంగా ఇచ్చింది.

రెండో సమస్యకు జవాబు అమెరికాలోని వైత్ ప్రయోగశాలలో దొరికింది. అక్కడ పనిచేసే సూక్ష్మజీవ శాస్త్రవేత్త బెంజమిన్ రూబిన్ కుట్టుమిషన్ సూదిని తీసుకుని ఆలోచించాడు. దాని బెజ్జంలో ద్రవం చుక్కగా నిలుస్తుంది. బెజ్జం పైఅంచును అరగదీస్తే రెండు మొనలు మిగులుతాయి, వాటి సందులో చుక్క అలాగే నిలుస్తుంది. మందులో ముంచి తీస్తే చాలు, తలతన్యత వల్ల ప్రతిసారీ అదే కొలత పైకి వస్తుంది. కొలిచే పనినీ, మోసే పనినీ, గుచ్చే పనినీ ఒకే పుల్ల చేస్తుంది. 1965లో దీనికి పేటెంటు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలన కార్యక్రమానికి వైత్ సంస్థ రాయల్టీ లేకుండా ఇచ్చింది. అడిగి ఉంటే డబ్బు వచ్చేదే, అందుకే ఈ మాట గుర్తుంచుకోదగినది.

1967 జనవరిలో డి.ఎ. హెండర్సన్ నాయకత్వంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి మీద ముమ్మర పోరాటం ప్రారంభించింది. ఆ ఏడు ప్రపంచంలో కోటి నుంచి కోటిన్నర మందికి మశూచి వచ్చి ఉంటుందని, 20 లక్షల మంది చనిపోయి ఉంటారని అంచనా. సూదిని గీరడానికి కాక నిలువుగా గుచ్చడానికి వాడి చూడాలని హెండర్సన్ బృందం ప్రయత్నించింది. అదే స్థిరపడింది. పొడి మందులో ద్రావణం కలుపుతారు. సూది పంగను అందులో ముంచి తీసి, జబ్బ మీద ఆనిస్తారు. మణికట్టును చేతికి ఆనించి, అయిదు మిల్లీమీటర్ల వెడల్పు చోటులో గబగబా 15 పోట్లు పొడుస్తారు. అర నిమిషంలోపు ఆ చోట సన్నగా రక్తపు చెమ్మ కనిపించాలి. కనిపిస్తే సరిగ్గా పడినట్టు. ధారగా కారితే గట్టిగా పొడిచినట్టు. ముందుగా చర్మానికి స్పిరిట్ రాయనక్కర లేదు, ఎందుకంటే అది ఆరకముందే పొడిస్తే టీకా వైరస్ చచ్చిపోతుంది. ఒకసారి ఒంటికి తగిలిన సూదిని మళ్లీ సీసాలో ముంచకూడదన్నది గట్టి నియమం. వాడిన సూదులను ప్లాస్టిక్ డబ్బాలో వేసి, సాయంత్రం కాచి, మర్నాడు తిరిగి వాడేవారు.

పాత పద్ధతిలో పాతికమందికి సరిపోయే మందు ఈ సూదితో నూరుమందికి వచ్చింది. మొదటిసారి టీకా వేయించుకునే వారిలో దాదాపు అందరికీ పొక్కింది. పశ్చిమ ఆఫ్రికాలోనూ బ్రెజిల్‌లోనూ గంటకు వెయ్యిమందికి వేయగల జెట్ యంత్రాలు వాడారు. అవి బరువు, ఖరీదు, మారుమూల ఊళ్లో చెడిపోతే బాగుచేసేవాడు ఉండడు. సూదికి ఆ బాధ లేదు.

టీకా వేశాక పని అయిపోలేదు. మూడు నాలుగు రోజులకు చిన్న గడ్డ లేస్తుంది, వారానికి చీముపొక్కు అవుతుంది, మూడో వారానికి పక్కు రాలి మచ్చ మిగులుతుంది. వారం తర్వాత పర్యవేక్షకుడు వచ్చి చేయి చూసేవాడు. పొక్కకపోతే మళ్లీ వేసేవారు. ఈ సూది అన్ని టీకాలకూ పనికిరాదు. మశూచి టీకాలోని వాక్సీనియా వైరస్ చర్మంలోనే పెరుగుతుంది, కాబట్టి ఇసుమంత మందు చాలు. పోలియో చుక్కలది, తట్టు టీకాది వేరే దారి.

సూది వచ్చినా అందరికీ టీకా వేయడం సాధ్యమయ్యేది కాదు. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో డాక్టర్ విలియం ఫేగీ దగ్గర మందు తక్కువ ఉండింది. ఎక్కడ రోగి ఉన్నాడో కనుక్కుని, అతడి చుట్టుపక్కల వారికే ముందు వేశాడు. అక్కడ జబ్బు ఆగిపోయింది. దీనికి వైరస్ స్వభావమే కారణం. సోకాక జ్వరం రావడానికి 12 రోజులు పడుతుంది. సోకిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే, అసలు వైరస్ కన్నా ముందే టీకా ఒంట్లో రక్షణను సిద్ధం చేస్తుంది. అయితే రోగిని త్వరగా కనుక్కోవాలి. ఇక్కడే రోగనిర్ధారణ ముఖ్యమైంది.

ఊళ్లలో ఎక్కువ పొరపాటు ఆటలమ్మతో జరిగేది. ఆటలమ్మ పొక్కులు ఒంటి మధ్యలో, వీపు మీద ఎక్కువ, ఒకే చోట కొన్ని కొత్తవీ కొన్ని ఎండినవీ కనిపిస్తాయి. మశూచి పొక్కులు ముఖం మీద, చేతులు కాళ్ల మీద దట్టంగా లేస్తాయి, అరచేతులనూ అరికాళ్లనూ వదలవు, ఒక చోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి, తాకితే చర్మం లోపల పాతుకున్నట్టు గట్టిగా తగులుతాయి. మద్రాసు అంటువ్యాధుల ఆసుపత్రిలో డాక్టర్ ఎ.ఆర్. రావు దాదాపు 7 వేల మంది రోగులను పరిశీలించి మశూచి రకాలను వర్గీకరించారు. రక్తస్రావంతో వచ్చే రకంలో పొక్కులే లేవకుండా మనిషి చనిపోతాడని, గర్భిణులకు అది మరింత ముప్పని ఆయన పరిశోధన తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన వర్గీకరణనే అనుసరించింది. అనుమానం మిగిలితే పక్కులను మాస్కోకో అట్లాంటాకో పంపేవారు. అక్కడ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఇటుక ఆకారం కనిపిస్తే అది మశూచి కుటుంబం, ఆటలమ్మ కాదు. కోడిగుడ్డు పొరల మీద పెంచి చూస్తే వేరియోలానా, వాక్సీనియానా అన్నది తేలేది.

భారతదేశంలో అసలు పరీక్ష 1973 శరదృతువులో మొదలైంది. మశూచి వేసవిలో పెరిగి, వానల తర్వాత తగ్గేది. తగ్గిన కాలంలోనే మిగిలిన చోట్లను పట్టుకోవాలని బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో ఇంటింటి గాలింపు చేపట్టారు. మశూచి సోకిన బిడ్డ ఫొటో ఉన్న కార్డు చూపి ఇలాంటి వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. బడిపిల్లలను అడిగారు, సంతల్లో అడిగారు. అప్పటిదాకా రికార్డులకెక్కని వేల కేసులు బయటపడ్డాయి. 1974లో దేశంలో 1,88,003 కేసులు, 31,262 మరణాలు నమోదయ్యాయి. పత్రికలు కార్యక్రమం విఫలమైందని రాశాయి. నిజానికి దాగి ఉన్నది కనపడడం మొదలైంది, ఆ అంకెలకు భయపడి గాలింపు ఆపి ఉంటే మశూచి ఇప్పటికీ ఉండేదేమో. లక్షకు పైగా కార్యకర్తలు తిరిగారు. రోగి ఇంటి ముందు రాత్రింబగళ్లు కాపలా పెట్టారు, వచ్చిపోయే ప్రతి మనిషికీ టీకా వేశారు. కొత్త కేసు చూపినవారికి ఇచ్చే బహుమతిని పెంచుకుంటూ పోయారు. 1975 మేలో బీహారులోని కటిహార్‌లో దేశీయంగా సోకిన చివరి కేసు కనిపించింది. అదే నెల అస్సాంలోని కరీంగంజ్‌లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక మహిళ దేశంలో చివరి రోగి అయింది.

ప్రపంచంలో సహజంగా మశూచి సోకిన చివరి వ్యక్తి సోమాలియాలోని మెర్కా పట్టణ ఆసుపత్రి వంటమనిషి అలీ మావ్ మాలిన్. 1977 అక్టోబరు 26న అతడికి పొక్కులు లేచాయి, కోలుకున్నాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలనను ప్రకటించింది. పనిచేసిన వారికి హెండర్సన్ ఈ సూదినే సున్నాలా వంచి చేసిన బిళ్లను గుర్తుగా ఇచ్చాడు. భారతదేశంలో 1970ల చివర్లో పిల్లలకు మశూచి టీకా ఆపేశారు. అంతకుముందు పుట్టిన తెలుగువారి జబ్బల మీద ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత పుట్టినవారి ఎడమ జబ్బ మీది మచ్చ క్షయకు వేసే బీసీజీది.

సూది పని అంతటితో తీరలేదు. అలర్జీ పరీక్షల్లో దీన్ని వాడుతున్నారు. జీవాయుధంగా మశూచి వాడతారేమోనన్న భయంతో అమెరికా 2002 చివరి నుంచి తన సైనికులకు మళ్లీ టీకా వేయించినప్పుడు ఇదే సూది వాడింది, పాతకాలంలోలా కాచి కాక, ఒక్కొక్కరికీ కొత్త సూదితో. అదే వైరస్ కుటుంబానికి చెందిన ఎంపాక్స్ కాంగోలో విజృంభించగా, జపాన్‌లో తయారయ్యే ఎల్‌సీ16ఎం8 టీకాను అత్యవసర వాడకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నవంబరులో ఆమోదించింది. ఏడాది దాటిన పిల్లలకూ వేయదగిన ఈ టీకా కూడా చర్మం మీద పొడిచేదే. కాంగోకు 30 లక్షలకు పైగా డోసులతోపాటు వాటిని వేసే ప్రత్యేక సూదులు కూడా ఇవ్వడానికి జపాన్ ముందుకొచ్చింది.