మధుమేహము: అన్నము, నడక, మాత్ర

ఇంటిలోని పెద్దలకు రక్తపరీక్ష జరిగి, చక్కెర ఉన్నదని తెలిసిన దినమున, ఆ యింట రెండు విధములైన మాటలు వినబడును. కొందరు ఇక జన్మమంతయు నోరు కట్టుకొనవలసినదే యని దిగులుపడుదురు. మరికొందరు, ఒంటిలో నొప్పియే లేనప్పుడు రోగమెక్కడిది, నాలుగు దినములు ఆకుపసరు త్రాగిన పోవునని త్రోసివేయుదురు. ఈ రెండును పొరపాటే. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున జరిగి 2023లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. కావున మన దుర్గి విద్యార్థులును, వారి తలిదండ్రులును దీని సంగతి కొంత వివరముగ నెరుగుట మంచిదని తలచితిమి.

గణితము నేర్చు బాలబాలికలు మొదట ఒక చిన్న లెక్క చేయవలెను. పెద్దవారి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. ఆరోగ్యవంతునకు పరగడుపున డెసిలీటరు రక్తములో, అనగా లీటరులో పదవ వంతులో, 100 మిల్లీగ్రాములకు లోపుగ చక్కెర ఉండును. అట్లయిన మొత్తము రక్తములోని చక్కెర యెంత? 5 గ్రాములకు మించదు. అది చిన్న చెంచాడు! ఇక ఒక పూట అన్నమునకు 150 గ్రాముల బియ్యము పట్టిన, అందలి పిండిపదార్థము 115 గ్రాములు దాటును. అది అరిగి చక్కెరయే యగును. చెంచాడు మాత్రమే యుండదగిన చోటికి ఇరువదికి పైగా చెంచాలు వచ్చి చేరుచున్నవి. ఆరోగ్యవంతుని శరీరము దీనిని రెండు మూడు గంటలలో కండరములకును కాలేయమునకును పంపి సర్దుకొనుట మాకు మిక్కిలి ఆశ్చర్యకరముగ తోచును.

ఈ సర్దుబాటు చేయునది క్లోమగ్రంథి నుండి పుట్టు ఇన్సులిన్ అను రసము. దానిని 1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు వేరుచేసిరి. అది కండరముల తలుపు తీసి చక్కెరను లోనికి పంపును. పెద్దవారిలో తరచుగ వచ్చు రెండవ రకపు మధుమేహములో ఆ తలుపు బిగిసిపోవును. క్రమముగ రసమును చాలకపోవును. పిల్లలకు వచ్చు మొదటి రకము వేరు. అందు ఇన్సులిన్ దాదాపు పుట్టనే పుట్టదు. బాలుడెవడైనను విపరీతముగ దప్పిగొని, మాటిమాటికి మూత్రమునకు పోవుచు, కొలది వారములలో చిక్కిపోయినచో, ఆ దినముననే ఆసుపత్రికి కొనిపోవలెను. ఇన్సులిన్ లేక వానికి ప్రాణాపాయము కలుగును.

పరగడుపున 126, లేదా గ్లూకోజు నీరు త్రాగిన రెండు గంటలకు 200, లేదా మూడు నెలల సగటును తెలుపు పరీక్షలో నూటికి 6.5 వచ్చినచో, లేక వీనిని దాటినచో మధుమేహమందురు. బాధలేవియు లేనివారికి రెండవమారు పరీక్షించి నిశ్చయింతురు.

ఇప్పుడు అన్నము సంగతి. పూర్వము పల్నాడు జొన్నల సీమ. శ్రీనాథ కవియంతటివాడు ఇచ్చటి జొన్నకూటిని ఎగతాళి చేసెనని ప్రతీతి. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన పిదప పలు గ్రామములలో వరి పెరిగినది. పళ్లెములో తెల్లని అన్నము గుట్టయైనది. వ్యాధి వచ్చినవెంటనే మరల జొన్నకు మరలుడని పలువురు చెప్పుదురు. మాట మంచిదే. జొన్నరొట్టెలో పీచు అధికము, మెల్లగ అరుగును. కాని జొన్నలోను నూటికి అరువదియైదు పాళ్లకు మించి పిండిపదార్థమే కలదు. అన్నము మాని నాలుగు రొట్టెలు తిన్నచో లాభమేమి? రాగులను పలుచని జావగ కాచి త్రాగిన చక్కెర త్వరగ పెరుగును. ధాన్యము పేరుకంటె దాని కొలత ముఖ్యము. పళ్లెములో సగము బీర, దొండ, కాకర, వంకాయ, గోంగూర, తోటకూర వంటివి. పావు భాగము పప్పు, గ్రుడ్డు లేక చేప. మిగిలిన పావు అన్నమో రొట్టెయో ఉంచుకొనవలెను. కూర ముందుగ తినుట మేలు. బెల్లము చక్కెరకు చెల్లెలే గాని వైద్యురాలు గాదు. రెండేసి చెంచాల చక్కెరతో దినమునకు నాలుగు మారులు తేనీరు త్రాగువారు, అదియొక్కటి మానినను ఎనిమిది చెంచాలు తగ్గును.

నడక చేయు పని వేరు. కదలుచున్న కండరము ఇన్సులిన్ సహాయము లేకయే చక్కెరను లోనికి లాగుకొనును. బిగిసిన తలుపునకు ఇది ప్రక్కత్రోవ. వారమునకు 150 నిమిషములు, అనగా అయిదు దినములు అరగంట చొప్పున, చురుకుగ నడువవలెను; రాత్రి భోజనానంతరము పది పదునైదు నిమిషములు నడచినను ఫలము కనబడును. దినమంతయు కష్టపడుచున్నాము, మాకు నడక యేల, అని కొందరందురు. మిరప చేలలో పనిచేయువారి విషయమున అది కొంత నిజమే. కాని మన దుర్గి శిల్పి ప్రొద్దంతయు కూర్చుండి ఉలి పట్టునపుడు చేతులు శ్రమించును గాని తొడకండరములు ఊరకుండును. శరీరములో పెద్ద కండరములవియే. దుకాణదారునకును, మా బోటి ఉపాధ్యాయులకును ఇదియే వర్తించును. రెంటచింతల ఎండ లోకప్రసిద్ధము గనుక వేసవిలో తెల్లవారకమునుపే నడువవలెను. ఉత్త కాళ్లతో మాత్రము నడువరాదు. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, పుండు ముదిరిన వ్రేలు పోవును.

మాత్రయనగానే ఓడిపోయితిమని తలచుట సరికాదు. రాత్రి ఏమియు తినకున్నను తెల్లవారుసరికి చక్కెర యేల పెరిగెనని పలువురు ఆశ్చర్యపడుదురు. మనము నిద్రించునపుడు కాలేయము తానే చక్కెర తయారుచేసి రక్తములోనికి వదలును. ఈ వ్యాధిలో మితిమీరి వదలును. ఉపవాసముతో గాని నడకతో గాని దీనిని పూర్తిగ అదుపుచేయుట కష్టము. సాధారణముగ మొదట ఇచ్చు మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యముగ ఈ కాలేయమునే అణచును. గలేగా అను ఐరోపా మొక్కలోని పదార్థమును బట్టి ఏర్పడిన మందు ఇది. 1957లో ఫ్రాన్సున జాన్ స్టెర్న్ అను వైద్యుడు రోగులకిచ్చిన ఫలితములను ప్రకటించెను. ఆకుపసరును నమ్మువారు ఈ సంగతి గమనింతురు గాక: మొక్కలో గుణముండవచ్చును, దానిని శోధించి కొలచిన పిదపనే అది మందగును. భోజనముతో తీసికొన్నచో కడుపు తిప్పుట తగ్గును. వైద్యుడు మూత్రపిండముల పరీక్ష చేయించి మోతాదు నిర్ణయించును. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడువారు మాత్రము భోజనము తప్పరాదు. చెమటపట్టి, వణుకు పుట్టి, మాట తడబడిన, స్పృహ ఉండగనే మూడు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగింపవలెను. స్పృహ తప్పినవారి నోట నేమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

ఈ విధముగ అన్నపు కొలత లోనికి వచ్చుదానిని తగ్గించును. నడక ఉన్నదానిని ఖర్చుపెట్టును. మాత్ర కాలేయమును ఆపును. పని చోట్లు వేరు గనుక ఒకటి చేసితిమని మరియొకటి మానుట తగదు. అయిన మాత్ర కడదాక తప్పదా? 2017లో ప్రకటింపబడిన బ్రిటను పరిశోధనలో, వ్యాధి వచ్చి ఆరేండ్లు దాటని స్థూలకాయులు వైద్యసహాయముతో బరువు బాగుగ తగ్గగా, ఏడాదికి వారిలో నూటికి 46 మంది మందు లేకయే వ్యాధి హద్దుకు లోపల నుండిరి. బరువు మరల పెరిగిన వ్యాధియు తిరిగి వచ్చును. మందు తగ్గించుట వైద్యుని చేతిలోని పని. అంకె బాగున్నదని ఇంటివారే ఆపరాదు.

వ్యాధి బయటపడుటకు ముందే కొన్నియేండ్లు దాగియుండవచ్చును గనుక మొదటి నెలలోనే కండ్లు, మూత్రము, పాదములు, రక్తపుపోటు పరీక్షింపించుకొనవలెను. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో చక్కెర పరీక్షయు మాత్రలును ఉచితము. మూడు నెలల సగటు అంకె పలువురికి 7కు లోపుండుట చాలును. మిక్కిలి వృద్ధులకు వైద్యుడు హద్దు సడలించును. చదువురాని అవ్వ తాతలున్న ఇండ్లలో ఈ పని విద్యార్థులకు తగినది: ఒక నోటుపుస్తకములో తేదీ, పరగడుపు అంకె, భోజనానంతరపు అంకె, బరువు వరుసగ వ్రాసిపెట్టి, ఆసుపత్రికి పోవునపుడు ఆ పుస్తకమును, వాడుచున్న మాత్రల అట్టలను పెద్దల చేతికీయవలెను.