భద్రపరచడం కూడా ఒక విద్యే

మా కళాశాల గ్రంథాలయంలో వార్షిక సంచికల పాత ప్రతులు ఒక బీరువాలో ఉన్నాయి. కాగితం పసుపుబారింది, కొన్నిటి అంచులను చెదలు తిన్నాయి. అయినా వాటిలోని ఉర్దూ గజళ్లనూ, తెలుగు వ్యాసాలనూ నేటికీ చదువుకోగలుగుతున్నాము. అదే బీరువాలో, కంప్యూటర్ మీద కూర్చిన తరువాతి సంచికల సి.డి.లు కూడా ఉన్నాయి. ఇటీవల ఒకదానిని తెరవబోగా మొదట దానిని చదివే పరికరమే దొరకలేదు. పరికరం సంపాదించిన పిదప, తెలుగు పుటలలో అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించాయి. నాటి ఫాంటు నేటి యంత్రంలో లేదు. కాగితం కంటె వయసులో చిన్నదైన సి.డి. కాగితం కంటె ముందే మూగబోయింది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. ఇంగ్లండులో 1086లో విలియం రాజు తన రాజ్యంలోని భూములను సర్వే చేయించగా ఏర్పడినది డూమ్స్‌డే గ్రంథం. దానికి తొమ్మిది వందల ఏండ్లు నిండిన సందర్భంగా 1986లో బి.బి.సి. సంస్థ లేజర్ డిస్కులపై ఒక నూతన డూమ్స్‌డేను సిద్ధం చేసింది. పదిహేనేండ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయాయి. 2002లో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రం పనితీరును కొత్త యంత్రంలో అనుకరింపజేసి, అందలి విషయాన్ని తిరిగి చూపగలిగారు. 1086 నాటి తోలుపుటలు మాత్రం లండనులో నేటికీ పదిలంగా ఉన్నాయి.

దీనికి కారణం సులభంగానే బోధపడుతుంది. తాళపత్రాన్ని చదవడానికి కన్నూ, భాషాజ్ఞానమూ ఉంటే చాలు. డిజిటల్ ప్రతికి అదనంగా మూడు కావలెను: చెడిపోని డిస్కు, దానిని చదివే యంత్రం, ఆ ఫైలును గ్రహించగల సాఫ్ట్‌వేర్. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన రెండూ వ్యర్థం. మన రెండు భాషలకు మరొక చిక్కు కూడా ఉన్నది. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు డి.టి.పి. ఫాంట్లు వేటికవే వేర్వేరు సంకేతాలను వాడుకున్నాయి. ఉర్దూ నస్తాలిఖ్ కూర్పు కూడా చాలాకాలం ఇన్‌పేజ్ వంటి సాఫ్ట్‌వేర్ల సొంత ఫైలు రూపాలలోనే సాగింది. అట్టి ఫైళ్లను సకాలంలో యూనికోడ్‌లోకి మార్చి ఉంచకపోతే మన సాహిత్యమే మనకు గుర్తుపట్టరానిదవుతుంది.

ఇదంతా కంప్యూటర్ తెలిసినవారి పని అని తలచడం పరిపాటి. పొరపాటు అక్కడే ఉన్నది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 2003లో ప్రారంభించిన డిజిటల్ సంరక్షణ శిక్షణ తరగతులు ముఖ్యంగా సంస్థల నిర్వాహకులను ఉద్దేశించినవి. అందులో ఈ కార్యాన్ని ముక్కాలిపీటతో పోల్చారు. మొదటి కాలు సంస్థ, అనగా లిఖితపూర్వకమైన విధానమూ బాధ్యతా, రెండవది సాంకేతికత, మూడవది వనరులు, అనగా ధనమూ సిబ్బందీ. ఒక కాలు పొట్టిదైనా పీట నిలువదు. పురోగతిని వారు ఐదు మెట్లుగా విభజించారు: సమస్యను అంగీకరించడం, చిన్న పనితోనైనా ఆరంభించడం, చెదురుమదురు పనులను ఒక కార్యక్రమంగా కూర్చడం, దానిని సంస్థకు నిత్యవిధిగా చేయడం, ఇతర సంస్థలతో చేతులు కలపడం. తమ సంస్థ ఏ మెట్టుమీద ఉన్నదో నిజాయితీగా గుర్తించడమే శిక్షణలో తొలి పాఠం.

శిక్షణ పొందిన నిర్వాహకుడు కొన్ని ప్రశ్నలు వేయడం నేర్చుకుంటాడు. ఏవి దాచాలి, ఏవి విడిచిపెట్టవచ్చు? ఎన్ని ప్రతులు, ఏయే చోట్ల ఉండాలి? ఏటేటా అయ్యే ఖర్చు ఏ పద్దు నుండి? బాధ్యుడు పదవీ విరమణ చేస్తే ఎవరికి అప్పగించాలి? ఉదాహరణకు, ప్రతి ఫైలుకూ 'చెక్‌సమ్' అనే సంఖ్యను గణించి వ్రాసిపెట్టి, కొంతకాలానికి మరల గణించి పోల్చితే ఫైలులో ఒక్క అక్షరం మారినా బయటపడుతుంది. గణించేది యంత్రమే, గణించారా అని అడగవలసినవాడు నిర్వాహకుడు.

ఇట్టి నిర్వహణ మన నేలకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపలో నివసించిన సి.పి. బ్రౌన్, శిథిలమవుతున్న తెలుగు ప్రతులను సేకరించి, పండితులకు స్వంత ధనంతో జీతాలిచ్చి, తిరిగి వ్రాయించి, పాఠాలను సరిపోల్చజేశాడు. సేకరణ, నకలు, పరిశీలన, జీతం: ఈ నాలుగింటినీ ఒక ఏర్పాటుగా నడిపినందువల్లనే ఎన్నో కావ్యాలు మనకు దక్కాయి. తాటాకు శిథిలం కాకముందే కొత్త ఆకుపైకి ఎక్కించినట్లు, నేడు ఫైలును పాత రూపం నుండి కొత్త రూపానికి ఎక్కించవలసి ఉన్నది.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. స్కానరు కొనడంతో పని ముగిసినదని భావించవద్దు. ఒక అధ్యాపకునికీ, గ్రంథాలయాధికారికీ ఈ విద్యలో శిక్షణ ఇప్పించి, ఏటి బడ్జెటులో దీనికొక పద్దు కేటాయించవలెను. విద్యార్థులు కూడా తమ రచనలను యూనికోడ్‌లో వ్రాసి, ఒక ప్రతిని గ్రంథాలయానికి అప్పగించవలెను. ఇతరులు నమ్మి మనకు ఒప్పగించిన దానిని ఉర్దూలో 'అమానత్' అంటాము. ముందుతరాలవారి రచనలు మనవద్ద ఉన్న అమానత్. దానిని చెడకుండా తరువాతి తరానికి అందించినప్పుడే మన బాధ్యత తీరుతుంది.