పాత రికార్డుల పరీక్ష

అమెరికా దేశపు దక్షిణ భాగమున, అపలాచియను కొండల పల్లెలలో, రైతులును గనికూలీలును పగలెల్ల పాటుపడి రాత్రులందు ఫిడేలు, బాంజో, గిటారు వాయించుచు పాడుకొనెడివారు. ఆ పాటలనుండి పెరిగిన సంగీతమునే కంట్రీ సంగీతమందురు. 1927లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనునతడు యంత్రములతో బ్రిస్టల్ పట్టణమునకు వచ్చి, కార్టర్ కుటుంబమువారి పాటలను, జిమ్మీ రోడ్జర్సు పాటలను రికార్డు చేసెను. పల్లెపాటకు దేశమంతట గిరాకి కలిగినది.

అప్పటి రికార్డులు నిమిషమునకు 78 మారులు తిరుగునవి, లక్కతో చేసినవి. ఆ లక్కలో అధికభాగము మన దేశపు అడవులనుండియే పోవుచుండెను. లక్క రికార్డు చేయిజారినచో పెంకువలె పగులును. 1948లో కొలంబియా కంపెనీవారు వినైల్ అను ప్లాస్టిక్కుతో పెద్ద రికార్డును, మరుసటి యేట ఆర్.సి.ఏ. విక్టర్ వారు 45 మారులు తిరుగు చిన్న రికార్డును వెలువరించిరి. వినైల్ అంత సులభముగా పగులదు. కాని గీతలు పడును, వేడికి వంగును.

ఈ పాత రికార్డులను వెదకి కొనువారు నేడును గలరు. వారికొక చిక్కున్నది. ఎవ్వరును మెచ్చని పాట అటకమీద క్రొత్తదివలెనే పడియుండును. అందరును మెచ్చినది ఇండ్లలోను, నాణెము వేసినచో పాడు జ్యూక్‌బాక్సులలోను వందలమారులు తిరిగి అరిగిపోవును. కావున మంచి పాట మంచి స్థితిలో దొరకుట అరుదు.

కొనువాడొక యూర, అమ్మువాడొక యూర నుందురు. వస్తువును చూడకయే బేరము కుదురవలెను. అందువలన స్థితిని తెలుపుటకు కొన్ని మాటలేర్పడినవి. గోల్డ్‌మైన్ అను అమెరికా పత్రికవారి కొలమానమును పెక్కుమంది పాటింతురు. ఏ లోపమును లేనిది ‘మింట్’. నమ్మదగిన వర్తకులు ఈ మాట వాడుటకు జంకుదురు. దాదాపు అట్టిది ‘నియర్ మింట్’. పిదప ‘వెరీ గుడ్ ప్లస్’, ‘వెరీ గుడ్’, ‘గుడ్’. అడుగున ‘ఫెయిర్’, ‘పూర్’. గుడ్ అనగా మంచిదని కదా మనము నేర్చుకొన్నాము! ఈ బజారులో ‘గుడ్’ అనినచో గరగరలాడునదని యర్థము. నియర్ మింటు వెలలో వెరీ గుడ్ ప్లస్సునకు సుమారు సగము, వెరీ గుడ్డునకు నాలుగవవంతు పలుకును. ఒక్క మెట్టు హెచ్చించి చెప్పిన వర్తకుడు కొనువాని సొమ్ములో సగము హరించినట్లే.

పరీక్షించువారు రికార్డును అంచులయందే పట్టుకొని, దీపముక్రింద ఏటవాలుగా త్రిప్పి చూతురు. వెండ్రుకవంటి గీత వినబడకపోవచ్చును. గోటికి తగులు గీత ‘టక్కు టక్కు’మని వినబడును. నడిమి రంధ్రముచుట్టు లేబులుమీద గీరులు పెక్కున్నచో, అది పలుమారులు యంత్రమునకెక్కినదని తెలియును. అయినను కన్ను మోసపోవచ్చును. పూర్వపు యంత్రముల బరువైన సూదులు గాడుల గోడలను అరుగదీసెడివి. అట్టి రికార్డు పైకి నిగనిగలాడుచున్నను, గాయకుడు గొంతెత్తినప్పుడు ధ్వని చిట్లిపోవును. దీనిని విని తెలిసికొనవలసినదే. అట్టకవరునకు వేరుగా తరగతి నిత్తురు.

రికార్డు ఎప్పటి ముద్రణమో కూడ చూడవలెను. హాంక్ విలియమ్సు అను ప్రఖ్యాత గాయకుడు 1953 జనవరి 1న, 29 ఏండ్ల ప్రాయముననే మరణించెను. తరువాత ఎం.జి.ఎం. కంపెనీవారు అతని పాటలకు క్రొత్త వాద్యములను చేర్చియు, ధ్వనిని కృత్రిమముగా స్టీరియోవలె మార్చియు మరల విడుదల చేసిరి. అవి ఎంత క్రొత్తగా మెరసినను, అతడు జీవించియుండగా జనులు విన్న ధ్వని వానిలో లేదు. పేరొక్కటే చూచి కొన్నవాడు ఇంటికి వచ్చి వయొలిన్ల గుంపును విని తెల్లబోవును. అందుకే తెలిసినవారు గాడులు ముగిసినచోటికిని లేబులునకును నడుమ, నునుపైన తావున గీసిన సన్నని అంకెలను భూతద్దముతో చదివి, ఆ పిమ్మటనే వెల యడుగుదురు.